సరస్సు ఒడ్డున గొలుసు రాట్నం

లిండెన్‌బ్రుక్,
ఫిబ్రవరి 9, సోమవారం.

పూజ్యులైన నాన్నగారికి,

మీ రీకె నమస్కారాలు. ఇక్కడ మేమందరం కులాసా. అక్కడ మీరూ, బళ్ళ షెడ్డులో మీ కాళ్ళ దగ్గర పడుకునే మోప్స్ కుక్కా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. దానికి చలికి చెవులు పగులుతాయి, కొంచెం కొవ్వు రాయండి.

మీ ఉత్తరం శనివారం అందింది. ఫోన్ చేయకుండా ఇదంతా రాస్తున్నానని కోప్పడకండి. ఫోన్లో మీ గొంతు వినగానే నాకు మాట పెగలదు. నేను ఊపిరి పీల్చుకునేలోపే మీరు "సరే సరే, ఒళ్ళు జాగ్రత్త" అని పెట్టేస్తారు. ఊరికో బడి, బడికి రెండు మూడు వారాలు, మళ్ళీ బళ్ళెక్కడం, అలా చదువుకున్నదాన్ని కాబట్టి తప్పులు మీరే దిద్దుకుని చదవండి.

ముందు ఇంటి కబుర్లు. పార్కు ఈస్టరు దాకా మూసే ఉంటుంది. ఆర్నె వర్క్‌షాపులోనే పొద్దు గడుపుతున్నాడు. పాత రోలర్ కోస్టరు బళ్ళ చక్రాలన్నీ ఊడదీసి బల్లల మీద పరిచారు. సాయంత్రం నల్లటి చేతులతో వస్తాడు, అత్తగారు సబ్బు పట్టుకుని గుమ్మంలోనే ఆపేస్తారు. ఈ వారమంతా కేల్ ఆకు కూర, పొగబెట్టిన సాసేజీ. మామగారు మాత్రం కంచంలో కెలుకుతున్నారే కానీ తినడం లేదు. ఎందుకో కింద రాస్తాను.

మీ గొలుసు రాట్నం క్షేమం. గొలుసులకు గ్రీజు పట్టించి, కుర్చీలు షెడ్డులో వేలాడదీశారు. నడిమి స్తంభం సరస్సు ఒడ్డునే టార్పాలిన్ కింద ఉంది. పొద్దున్నే వెళ్ళి మంచు దులిపి వస్తున్నాను.

ఇక అసలు సంగతి. హైవే అవతలి పెద్ద పార్కు వాళ్ళు ఈ వేసవికి కొత్త రోలర్ కోస్టరు తెరుస్తున్నారు. ముందటేడాది నీళ్ళ పార్కు, పోయిన ఏడాది హోటలు, ఇప్పుడు ఇది. ఆ ఎర్ర ఇనుము మా మేడ కిటికీలోంచి కనబడుతుంది. "అది రోజుకో మీటరు పైకి లేస్తుంటే మా నాన్న రోజుకో మీటరు కుంగుతున్నాడు" అని ఆర్నె నవ్వుతూ అంటాడు, కానీ ఆ నవ్వులో పస లేదు. డచ్చి వాళ్ళు, డేన్లు, ఫ్రెంచి వాళ్ళు, అందరూ ఒకరిని చూసి ఒకరు తమ పార్కుల మీద కోట్ల యూరోలు పోస్తున్నారట. ఏ ఏడు కొత్తది పెట్టకపోతే ఆ ఏడు పిల్లలు మనల్ని మర్చిపోతారని అత్తగారు అంటారు. పోయిన వేసవిలో మన గేటు దగ్గర వరుస ఎంత పొట్టిగా ఉండేదో మీరే చూశారు.

ఇప్పుడు హాంబుర్గు నుంచి ఒక కంపెనీ డబ్బు పెట్టడానికి ముందుకొచ్చింది. పెద్ద కోస్టరు కట్టిస్తాం, లాభంలో వాటా తీసుకుంటాం అంటున్నారు. ఒకటే షరతు. పునాది వేయడానికి సరస్సు ఒడ్డున ఉన్న గట్టి నేల కావాలి. మిగతాదంతా బురద నేల, అంత బరువు ఆనదట. ఆ గట్టి నేల మీదే మీ రాట్నం ఉంది. వచ్చే బుధవారం, పద్దెనిమిదిన, వాళ్ళు చివరి జవాబు కోసం వస్తున్నారు. మామగారు కుదరదని చెప్పబోతున్నారు.

నిన్న భోజనాల దగ్గర అత్తగారు ఊరుకోలేకపోయారు.

"రాట్నం తిరిగితే మనకు పూట గడుస్తుందేమో ఎగోన్. పార్కు గడవదు."

"బావగారి చోటు బావగారిదే. ఇనుప ముక్కల కోసం మనిషిని లేపమంటావా?"

"లేపమనలేదు. ఒక్కసారి అడిగి చూడమంటున్నా."

"అడిగితే లేచిపోతాడు. అందుకే అడగను."

నేను ఒకే పళ్ళెం కడుగుతూ నిలబడ్డాను. వాళ్ళు సంతకం పెట్టకుండా వెళ్ళిపోతే శరత్కాలానికి పనివాళ్ళలో సగం మందిని మానిపించాల్సి వస్తుందని, ఆ పై ఏడు గేటే మూసుకోవాలని ఆర్నె నాతో విడిగా చెప్పాడు. మామగారు మీ మీద కృతజ్ఞతతో ఇలా మొండికేశారని మీరు అర్థం చేసుకోండి.

దానికి తోడు మీ ఉత్తరం. కష్టంలో ఉన్న వియ్యంకుడిని నడి దారిలో వదిలి పోను, వాళ్ళకు కొత్త యంత్రం వచ్చేదాకా నా రాట్నం అక్కడే ఉంటుంది, బ్రాకెనావ్ తిరునాళ్ళు ఈ ఏడూ వదులుకుంటాను అని రాశారు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను నాన్నా. మీ తాతగారు గుర్రబ్బళ్ళ మీద రాట్నం తెచ్చి నిలిపిన మూల అది. చర్చి గోడ వెనక, చక్కెర బాదం అమ్మే వాళ్ళ పక్కన. అమ్మ మిమ్మల్ని మొదటిసారి చూసిందీ అక్కడే. ఒక ఏడు రాకపోతే చోటు ఇంకొకరికి అరువిస్తారు, రెండో ఏడూ రాకపోతే అది వాళ్ళదైపోతుంది. ఈ నియమం నాకు మీరే నేర్పారు. పోయిన అక్టోబరులో అక్కడ ఎవరో కుర్రాడు మెరుపు దీపాల గిరగిర యంత్రం పెట్టాడని బాదం వాళ్ళ అమ్మాయి చెప్పింది. చోట్లు పంచే కమిటీ వచ్చే గురువారం, పందొమ్మిదిన కూర్చుంటుంది. మీరు ఆ రోజు అక్కడ లేకపోతే ఆ మూల ఇక మనది కాదు.

మీ ఇద్దరినీ తలుచుకుంటే నాకు పోయిన వేసవి ఆదివారాలే గుర్తొస్తున్నాయి. నాలుగింటికి కాఫీ, ప్లమ్ పండ్ల కేకు. చివరి ముక్క మీరు ఆయన వైపు జరిపేవారు, ఆయన మీ వైపు జరిపేవారు, చివరికి కందిరీగలు తినేవి. ఆయన, "బావగారూ, ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నారు. మీరు, "అవసరమున్నన్నాళ్ళూ ఉంటాను బావగారూ, మొహమాటపడకండి" అన్నారు. ఇద్దరూ తృప్తిగా నా వైపు చూశారు. నేను మీగడ తెస్తానని లోపలికి వెళ్ళిపోయాను. ఇంకా ఒకటి. మీరు ఎక్కడికి వెళ్ళినా మామగారు స్టూలు పట్టుకుని మీ వెనకే తిరిగేవారు. "మీ మామగారికి ఈ స్టూళ్ళ పిచ్చి ఏమిటే?" అని మీరు నన్నడిగారు కూడా. పెద్దవాళ్ళ మర్యాద అన్నాను.

అందుకని నా మనవి. ఈ ఉత్తరం అందగానే మామగారికి నాలుగు ముక్కలు రాయండి. తిరునాళ్ళ చోటు పోగొట్టుకోలేను, రాట్నం తీసుకుపోతాను, మీరు నిశ్చింతగా సంతకం పెట్టుకోండి అని రాయండి. మీ అంతట మీరే అనుకున్నట్టు రాయండి. నేను రాయమన్నానని అనవద్దు. అప్పుడు మీ మూల మీకు దక్కుతుంది, ఇక్కడ పార్కు నిలబడుతుంది. ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఆర్నె మీకు నమస్కారాలు చెప్పమన్నాడు. వేళకు తినండి. బండిలో పొయ్యి వెలిగించి నిద్రపోకండి.

ఎప్పటికీ మీ బిడ్డ,
రీకె

తా.క. కవరు అంటించి, కోటు వేసుకుని, తపాలా డబ్బా దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆవిరి పట్టి కవరు విప్పి ఇది రాస్తున్నాను.

మీరు ఎంత మర్యాదగా రాసినా మామగారు నమ్మరు. అభిమానం కొద్దీ తప్పుకుంటున్నారనుకుని మిమ్మల్ని ఇంకా గట్టిగా పట్టుకుంటారు. ఎందుకో ఇక దాచలేను.

మామగారు మిమ్మల్ని రమ్మని ఎప్పుడూ అడగలేదు. పాత పడవల ఆట తీసేశాక సరస్సు ఒడ్డు బోసిపోయిందని, జనం జారిపోతున్నారని, ఆయన అడగలేక నలిగిపోతున్నారని మీతో చెప్పానే, అందులో ఆయన మాట ఒక్కటీ లేదు. ఆ చోట గడ్డి వేయించి బల్లలు పెడదామని ఆయన అనుకుంటున్నారు అప్పటికి. మీరు ఒప్పుకున్నాక ఆయన దగ్గరికి వెళ్ళాను. మా నాన్నకు మోకాళ్ళు అరిగిపోయాయి, రోడ్ల మీద తిరగలేరు, చోటడగడానికి అభిమానం అడ్డొస్తోంది అన్నాను. నేను చెప్పినట్టు మాత్రం తెలియనివ్వకండి అని మీతో అన్నాను, ఆయనతోనూ అన్నాను. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు. ఏడాదిగా ఒకరి పరువు ఒకరు కాపాడుతున్నారు. ఆ స్టూలు మీ మోకాళ్ళ కోసం. నిన్న అత్తగారితో ఆయన ఇంకో మాట కూడా అన్నారు, పైన రాయలేదు. "నడవలేని వాణ్ణి నా గుమ్మంలోంచి పంపించి నేను కోస్టరు కట్టుకోనా?" అన్నారు.

మీరంటే జాలితో ఇలా చేశానని రాస్తే మీరు వెంటనే క్షమిస్తారని తెలుసు. అదీ నిజం కాదు. ఈ వయసులోనూ మీరు రాట్నం స్తంభం పైదాకా ఎక్కి దీపాలు మార్చగలరు. నాకోసం చేసుకున్నాను. ఈ ఇంట్లో అందరూ నన్ను బాగానే చూస్తారు, కానీ నలుగురు వస్తే నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఒకే ఊళ్ళో ఇల్లు కట్టుకుని పెరిగిన వాళ్ళ మధ్య ఏం మాట్లాడాలో నాకు తెలియదు. మన రాట్నం టికెట్ల గదిలో, అద్దం వెనక, మైకు ముందు కూర్చుంటే మాత్రం నాకు ఎవరన్నా భయం లేదు. "టోపీలు పట్టుకోండమ్మా, ఎగిరిపోతున్నాం" అంటే ఊరు ఊరంతా నవ్వేది. పెళ్ళయి వచ్చేటప్పుడు అది కూడా వదిలి వస్తున్నానని నాకు తోచలేదు. పోయిన వేసవంతా నాకు ఆ గది తిరిగి దొరికింది. దానికోసం మీ చేత మీ తాతగారి మూల వదిలించాను. మీ ఉత్తరం వచ్చేదాకా దాని ఖరీదు నాకు కనబడలేదంటే అదీ అబద్ధమే. కనబడింది. చూడనట్టు ఊరుకున్నాను.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చి, మామగారికి నోటితోనే చెబుతాను. ఆర్నె, అత్తగారు కూడా ఉండగానే. బుధవారం లోపల ఆయనకు తెలియాలి. వాళ్ళేమన్నా పడతాను. మీరేమన్నా పడతాను.

పందొమ్మిదిన, గురువారం పొద్దుటి రైలుకు నేను బ్రాకెనావ్ వస్తున్నాను. పోయిన ఏడు ఎందుకు రాలేదని కమిటీ వాళ్ళు అడుగుతారు. మీరు నన్ను కాపాడడానికి ఒంట్లో బాగాలేదని ఏదో ఒకటి అంటారు, నాకు తెలుసు. అనకండి నాన్నా. మీరు బయట బెంచీ మీద కూర్చోండి. నేను లోపలికి వెళ్తాను. అక్కడ నాకూ వాళ్ళకూ మధ్య అద్దం ఉండదు. అయినా నేనే చెబుతాను.