నూనె ఇక పంపొద్దు

అక్కకి,

నువ్వు పంపిన నూనె సీసా అందింది. కోపం తెచ్చుకోకు, ఇక పంపొద్దు. చుండ్రుకి నూనె పట్టిస్తే పోతుందని మనమంతా అనుకున్నాం కదా. ఆసుపత్రిలో నర్సమ్మ నా మాడు చూసి, "నూనె పెట్టేకొద్దీ పెరుగుతుందమ్మా. దువ్వెన వల్లో దిండు వల్లో ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు," అంది.

ఆ మాట ముందే తెలిస్తే ఎంత బాగుండేదో. ఆయనకి అంటుకుంటుందని భయపడి, పెళ్ళయిన దగ్గర్నుంచీ తలకి తువ్వాలు చుట్టుకుని, వేరే దిండు వేసుకుని, గోడవైపు తిరిగి పడుకుంటున్నాను. కారణం చెప్పడానికి సిగ్గేసింది. తనంటే నాకు ఇష్టం లేదని ఆయన అనుకున్నారు. మొన్న, "మీ అమ్మావాళ్ళింట్లో దింపి రానా?" అని మెల్లగా అడిగారు.

మందు షాంపూ రుద్దుకుని ఐదు నిమిషాలు ఉంచి కడగాలట. నిన్న అత్తయ్య ఇంట్లో లేరు. నీళ్ళు పోయమని ఆయన్నే అడిగాను. పీట మీద కూర్చుని తల వంచి, నురగ పడకుండా కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆయన ముఖం కనబడకపోయేసరికి ధైర్యం వచ్చింది. అంతా చెప్పేశాను.

ఆయన, "చుండ్రుకా ఇదంతా? నా గురకకి జడిశావేమో అని కూడా అనుకున్నాను," అన్నారు.

ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. నీళ్ళు పోయమని నేనూ అనలేదు, ఆయనా చెంబు ముట్టుకోలేదు.

ఈ ఉత్తరం బావకి చదివి వినిపించకు.

నీ చెల్లెలు