నాన్న కన్న బిడ్డకల

వాండో, ఒకటో నెల 18

నా బంగారుతల్లి ఒక్‌రాన్‌కి నాన్న వెయ్యి దీవెనలు.

అమ్మాయీ, వచ్చేసింది! ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న బిడ్డకల నాకు వచ్చేసింది! ఇంట్లో ఎవరికైనా కడుపు పండితే పెద్దవాళ్లకి వచ్చే కల కదా, మీ అమ్మ ఉంటే ఆవిడకే వచ్చేది. లేదు కనక వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది. పడవంత చేప నీళ్లలోంచి ఎగిరి నా ఒళ్లో పడి, తోసినా పోనంది. లేచి ప్యాంటు తడిసిందేమో అని తడుముకున్నాను కూడా.

మర్నాడే నీ ఉత్తరం! ‘పొత్తికడుపులో ఏదో బరువుగా ఉంది నాన్నా, గురువారం ఆడవాళ్ల ఆస్పత్రికి వెళ్తున్నాను’ అని. ఇంకేం కావాలి! సముద్రపు నాచు ఆరబెట్టే దిబ్బ మీద నిలబడి పైకి చదివేశాను. పక్కింటి పున్‌యీ అవ్వ చేతిలో నాచు వదిలేసి చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది. గాలికి కళ్లు మండాయని చెప్పాను.

ఒళ్లు జాగ్రత్త తల్లీ.
మీ నాన్న

తా.క.: మగపిల్లాడో ఆడపిల్లో తేలలేదు. చేపకి రెండు కళ్లూ ఒకే పక్కన ఉన్నట్టు గుర్తు. అలాంటిది వస్తే ఏమవుతుందో దిబ్బ మీద ఎవరికీ తెలీదు. అల్లుడి ముక్కు రాకపోతే చాలు.


క్వాంగ్జు, రెండో నెల 2

నాన్నగారికి ఒక్‌రాన్ నమస్కారాలు.

మీ ఉత్తరానికి ఏం రాయాలో తోచక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఆస్పత్రికి వెళ్లొచ్చాను. యంత్రంతో బొమ్మ తీశారు. లోపల ఎడమ పక్కన కమలాపండంత ఉందట. నొప్పి దానివల్లేనట. మూడో నెలలో చేరమన్నారు.

మీరు అనుకుంటున్నది వేరు నాన్నా. మీతో ఎప్పుడూ ఇలాంటి మాటలు మాట్లాడలేదు కదా, ఎలా రాయాలో తెలియడం లేదు. ముందు మీరు ఆ సంతోషం కాస్త తగ్గించుకోండి.

ఇట్లు
ఒక్‌రాన్

తా.క.: ఈ ఉత్తరం దిబ్బ మీద పైకి చదవకండి.


వాండో, రెండో నెల 7

నా బంగారుకొండకి నాన్న ముద్దులు.

ఆ మాట అన్నిటికన్నా కింద రాస్తే ఎలాగమ్మా? అక్కడికి వచ్చేసరికి చదవడం అయిపోయింది.

మూడో నెలకే కమలాపండంతా! దిబ్బ దిబ్బంతా సంబరపడింది! ‘మీరు అనుకుంటున్నది వేరు’ అంటే నాకు తెలీదనుకున్నావా? తేలలేదన్నా లోలోపల నేను మగపిల్లాడనే అనుకున్నాను, నీ కడుపులో ఉన్నది ఆడపిల్ల. ఆడపిల్లయితే నేను సంతోషం తగ్గించుకోవాలా? ఛీ ఛీ! నిన్ను ఎత్తుకుని ఊరంతా తిరిగినవాణ్ణే నేను!

నొప్పికి దిగులుపడకు. మీ అమ్మా నెలకి మూడు రోజులు పొయ్యి పక్కన వెచ్చటి నేలకి పొట్ట ఆనించి పడుకునేది. అలిగిందనుకుని నేను పడవెక్కి పోయేవాణ్ణి. ఆడవాళ్లకి మామూలే. ఓ కాన్పయితే అదే పోతుందట.

బాలింతకి కాచే నాచు చారుకి ఓ కట్ట బస్సులో పంపుతున్నాను. మడిస్తే కాన్పు కష్టమవుతుందని మడవకుండా కట్టాను. మనిషంత పొడుగు. దానికీ టికెట్టు తియ్యమన్నాడు కండక్టరు. తీసి, కిటికీ పక్కన కూర్చోబెట్టాను.

తబ్బిబ్బయిపోతున్న
మీ నాన్న

తా.క.: వియ్యపురాలికీ శుభవార్త రాసేశాను. ఆవిడకి చెప్పకపోతే మర్యాదగా ఉండదు కదా.


క్వాంగ్జు, రెండో నెల 24

నాన్నగారికి నమస్కారాలు. ఇది ఒక్కరే చదువుకోండి. ఈసారి పైనే రాస్తున్నాను.

అది బిడ్డ కాదు. మూడో నెలంటే క్యాలెండర్లో మూడో నెల. పన్నెండున ఆపరేషన్.

గర్భసంచి లోపల ఉండే పొరలాంటిదే నాకు ఆ సంచి బయట కూడా పెరుగుతోందట. నెలనెలా అక్కడా రక్తం వస్తుంది, బయటికి దారి ఉండదు. ఆ పాత రక్తమే అండాశయంలో తిత్తి కట్టింది. చుట్టూ ఉన్నవాటిని అతికించేస్తోందట.

పద్నాలుగేళ్ల నొప్పి నాన్నా ఇది. పెళ్లయితే పోతుందన్నాడు మందుల షాపాయన. పిల్లలు పుడితే పోతుందన్నారు అత్తయ్య. బడిలో బల్ల అంచు పట్టుకుని లెక్కలు చెప్పేదాన్ని, తట్టుకోలేనప్పుడు బోర్డు వైపు తిరిగేదాన్ని. నాకే ఓర్పు లేదేమో అనుకున్నాను. దీనికో పేరుందని డాక్టరమ్మ చెప్పగానే అక్కడే ఏడ్చేశాను. భయంతో కాదు.

మీ ఉత్తరం చూశాక, నేను కడుపు తీయించుకోబోతున్నానని అత్తయ్య ఒకటే గొడవ. మీ అల్లుడు వాళ్లమ్మ మాట దాటరు. ఇంటివాళ్లు ఎవరో ఒకరు ఒప్పుకుని కాగితం మీద సంతకం బదులు తమ పేరు ముద్ర వెయ్యందే ఆస్పత్రిలో కత్తి పట్టరు. తర్వాతైనా పిల్లలు పుడతారో లేదో చెప్పలేరట. మీ సంతోషం అంతా పాడుచేశాను. క్షమించండి.

ఇట్లు
ఒక్‌రాన్

తా.క.: నాచు కట్ట వంటింట్లో మొదలై వాకిట్లో తేలింది. మడవలేదు. రోజూ దాటుకుంటూ తిరుగుతున్నాను.


వాండో, మూడో నెల 6

నా తల్లి ఒక్‌రాన్‌కి, బుద్ధిలేని నాన్న రాసేది.

ఒక్కణ్ణే చదివాను. పడవలో కూర్చుని, కూడబలుక్కుంటూ నాలుగుసార్లు. పద్నాలుగేళ్లు! నువ్వు వచ్చినప్పుడల్లా మొహం పాలిపోయి ఉంటే ‘పట్నం తిండి’ అని నవ్వాను. మీ అమ్మతో ముప్పై ఏళ్లు కాపురం చేసి, ఎక్కడే నొప్పి అని ఒక్కసారి అడగలేదు. ఇప్పుడు ఎవరిని అడగను?

వియ్యపురాలికి రాశాను: ‘కడుపొచ్చింది నా కలకి, మీ కోడలికి కాదు. పొరపాటంతా నాది’ అని. పోస్టాఫీసు నుంచి అల్లుడికి ఫోన్ కూడా చేశాను.

“మామయ్యా, అమ్మ ఏమంటుందో...” అన్నాడు.

“మీ అమ్మని నువ్వు అడుగు నాయనా. మా అమ్మాయిని నేను అడిగేశాను,” అన్నాను. అడగలేదనుకో. ఇప్పుడు అడుగుతున్నాను. ముద్ర నేను వెయ్యనా తల్లీ? నీ బడి కాగితాలన్నిటి మీదా వేసిన ముద్రే, జేబులో పెట్టి జేబు కుట్టేశాను. పదకొండో తేదీ మధ్యాహ్నం బస్సుకి దిగుతాను. పిల్లల సంగతి తర్వాత. ముందు నీకు ఆ నొప్పి పోవాలి.

నీ కోసం బయల్దేరుతున్న
నాన్న

తా.క.: ‘ఇప్పుడు ఎన్నో నెల?’ అని దిబ్బ మీద అడిగితే అబద్ధం నోటికి రాలేదు. ఉన్నదంతా చెప్పేశాను, కోప్పడకు. నవ్వుతారనుకున్నాను, ఎవరూ నవ్వలేదు. “ఎడమ పక్కనేనా?” అందొకామె. “నడుములోకి దిగుతుందా?” అంది ఇంకొకామె. నాతో బస్సులో నలుగురు ఆడవాళ్లు వస్తున్నారు. ముగ్గురు చూపించుకోవడానికి. నాలుగో ఆమె పున్‌యీ అవ్వ. డెబ్బై రెండేళ్లావిడకి ఇప్పుడు నొప్పేమీ లేదు. అప్పట్లో తనకి వచ్చినదాని పేరేమిటో డాక్టరమ్మని అడగాలట.