గడియ పెట్టని తలుపు

ముప్పాళ్ళ,
12-11-1961

చిరంజీవి తమ్ముడు శౌరికి అక్క పున్నమ్మ దీవించి రాసేది.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, నీ కొడుకు యోబు, చూడి గేదె. నందికొండ డ్యాము పనిలో నువ్వూ ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తాను. నీ ఉత్తరం ఎప్పుడో అందింది. ఒకటో తరగతి పిల్లలతో తీరిక లేక జవాబు రాయలేదంటే నువ్వు నమ్ముతావు గానీ, అది సాకు. అసలు కారణం చివర్లో చెబుతాను.

ముందు నువ్వడిగినవి. మిరప తోట బాగుంది. సమాధుల పండక్కి కరుణమ్మ సమాధికి సున్నం వేయించి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాను. యోబు కూడా వచ్చాడు. తల్లి కోసం ఏడుస్తాడా అని రాశావు. అక్కడ కూడా ఏడవలేదు. కొవ్వొత్తులన్నీ ఒకే వరసలోకి జరిపాడు. గాలికి ఒకటి ఆరిపోతే మిగతావి కూడా ఊదేశాడు. నేను మళ్ళీ వెలిగించాను, వాడు మళ్ళీ ఆర్పాడు. చుట్టుపక్కల వాళ్ళు చూస్తున్నారు. ఇక ఊరుకున్నాను.

అన్నం తింటున్నాడు, వాడి సత్తు పళ్ళెంలో పెడితేనే. క్షవరం సంగతి అడక్కు, మంగలి చెయ్యి కరిచాడు. నాన్న ఏడని అడుగుతాడా అని రాశావు. వాడు ఎవర్నీ అడగడు శౌరీ. ఎనిమిదేళ్ళు వచ్చినా ఆకలేస్తే అన్నం కూడా అడగడు. మన మాట మనకే తిప్పి చెబుతాడు, మొహంలోకి మాత్రం చూడడు. కాంపౌండరు మెదడు ఎదగలేదన్నాడు. బసవమ్మత్త గాలి సోకిందంది. నాకు రెండూ నమ్మబుద్ధి కాలేదు. మరేమిటంటే నాకూ తెలియదు. దానికో పేరుంటే బాగుండేది, అడిగినవాళ్ళకి అది చెప్పి పంపేసేదాన్ని.

కరుణమ్మ పోయేముందు నీ మాటేమన్నా అందా అని ఈసారి కూడా రాశావు. ఆ సమయానికి ఇంట్లో నేను లేనని చెబుతూనే వచ్చాను. ఇప్పుడు జవాబు ఉంది. కింద రాస్తాను.

ఇక పెద్ద సంగతి. కరుణమ్మకి జ్వరమని నేను కొట్టించిన టెలిగ్రాం వైరు అందిన రోజే నువ్వు బయల్దేరలేదని ఇన్నాళ్ళకి రాశావు. మామూలు జ్వరమే కదా, కట్టుబడి పని సగంలో ఉంది, రేపు వెళ్దామనుకున్నానన్నావు. చదివి నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి నీ ఉత్తరాన్ని బియ్యం డబ్బా మీద పడేసి దాని వంక చూడలేదు. తర్వాత ఆలోచించాను. నువ్వు ఆ మధ్యాహ్నమే మాచర్లలో రైలెక్కినా, సత్తెనపల్లిలో దిగి ఇల్లు చేరేసరికి రాత్రయ్యేది. కరుణమ్మ దీపాలవేళకే పోయింది. నువ్వు అందుకునేవాడివి కాదు. నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు, రైలు టైము అంతే.

కానీ ఆ బరువు మోయలేక నువ్వు వాడి నెత్తిన పెట్టావు. "తల్లి కొనఊపిరితో ఉంటే పక్కన కూర్చోని పెంకులు పేర్చుకుంటన్నాడు. ఒక్క కేకేస్తే నలుగురూ వచ్చేవోళ్ళు గదా" అని నా ఎదుటే అన్నావు. నేను కాంపౌండరు కోసం సత్తెనపల్లి వెళ్ళాను, ఇంట్లో వాడొక్కడే ఉన్నాడు, కేక వెయ్యలేదు. అన్నీ నిజమే. అందుకని వాణ్ణి క్రిస్మస్‌లోపల గుంటూరు అనాథాశ్రమంలో వదిలెయ్యమనీ, మీ ఇల్లు వీరయ్య మామకి అమ్మెయ్యమనీ రాశావు.

ఆ ఇంటి తాళం కథ నీకు సగమే తెలుసు. కరుణమ్మ పోయిన నక్షత్రం మంచిది కాదు, ఆర్నెల్లు ఇల్లు విడవాలని బసవమ్మత్త అంది. చర్చికి పోయేవాళ్ళం, మనకెందుకీ నక్షత్రాలని నేను అనలేదు. భయపడ్డాను. ఫాదరుగారికి చెప్పకుండా, శవం లేవగానే తలుపు మూయించి తాళం వేయించాను. మర్నాడు నువ్వు తిన్నగా నా ఇంటికే వచ్చావు, నాలుగు రోజులుండి అటునుంచటే వెళ్ళిపోయావు. మీ గడప నువ్వు తొక్కనే లేదు. వీడేమో సాయంత్రమయ్యేసరికి పరుగెత్తుకెళ్ళి, ఆ మూసిన తలుపుకి తల బాదుకునేవాడు. నువ్వు వాడి వీపున చింతబరికె విరగ్గొట్టింది ఆ అల్లరికే.

దీపాలు పెట్టగానే తలుపు గడియ పెట్టడం వాడి పని, కరుణమ్మ నేర్పింది. ఒక్క సాయంత్రం తప్పేవాడు కాదు. వాకిట్లో నేను నిలబడి ఉన్నా నా మొహాన తలుపేసి గడియ పెట్టేవాడు. గుర్తుందిగా.

మొన్నామధ్య వీరయ్య మామ ఇల్లు చూసుకుంటానంటే తాళం తీశాను. పొద్దుగూకుతోంది. యోబు ఎక్కణ్ణుంచో వచ్చి మా ఇద్దరి మధ్యనుంచి లోపలికి దూరాడు. వెనక్కి తిరిగి గడియ మీద చెయ్యి వేశాడు. వేసి, చుర్రుమన్నట్టు తీసేశాడు. అప్పుడన్నాడు:

"గడియ పెట్టమాకయ్యా. మీ నాయన వస్తన్నాడు. వచ్చినాక పెట్టుకుందాం."

ఆ పలుకు వాడిది కాదు, కరుణమ్మది. "వస్తన్నాడు" దగ్గర ఆగి దగ్గాడు కూడా. ఆఖరి జ్వరంలో అది అలాగే మాట మధ్యలో ఆగి దగ్గేది. ఆ మధ్యాహ్నం "వైరు కొట్టించానే, మావోడు వచ్చేస్తాడు" అని దానికి చెప్పి వెళ్ళింది నేనే. పోయేముందు నీ మాట అందా అని అడిగావుగా. ఇదే అంది.

నేను గడప మీద కూలబడి ఏడ్చాను. వీరయ్య మామ ముందని కూడా చూడలేదు. ఆయన కండువా భుజానేసుకున్నాడు.

"ఏందమ్మాయ్ ఇది. తల్లి మాట పట్టుకోని ఇన్నాళ్ళూ ఈ పిల్లోడు కాపలా ఉంటే, మనం తాళమేసి కొట్టామా? ఈ ఇల్లు నాకొద్దు. ఎవురికీ అమ్మమాక" అని వెళ్ళిపోయాడు.

జవాబు ఆలస్యానికి అసలు కారణం ఇదిగో. నిన్ను అడక్కుండా వాణ్ణి, గేదెని తోలుకుని మీ ఇంట్లోకి వచ్చేశాను. ఆర్నెల్లు నిండలేదని బసవమ్మత్త మా ఛాయలకి రావడం లేదు. ఫాదరుగారికి తాళం సంగతీ చెప్పాను, పిల్లవాణ్ణి గుంటూరు పంపననీ చెప్పాను. మొదటిదానికి బాగా తిట్టారు, రెండోదానికి ఏమీ అనలేదు. నువ్వు ఏమంటావో అని ఇన్నాళ్ళూ కలం పట్టుకోలేదు. ఏమన్నా సరే, పంపను.

తలుపు రాత్రంతా బార్లా తీసే ఉంటోంది. ఊళ్ళో కుక్కలన్నీ మాకు చుట్టాలయ్యాయి. చలికి నా మోకాళ్ళు పట్టేస్తున్నాయి. యోబు మాత్రం తల బాదుకోవడం మానేశాడు. గుమ్మం పక్కన పెంకులు పేర్చుకుని, అక్కడే నిద్రపోతున్నాడు.

క్రిస్మస్‌కి రా. వాకిట్లో నిలబడి నన్ను పిలవమాక, తిన్నగా ఆ తలుపులోంచి లోపలికి రా. వాడు నీ మొహం చూడడు, నాన్నా అని పిలవడు. నొచ్చుకోకు. రెండడుగులు లోపలికేసి ఆగి విను. నీ వెనక గడియ పడుతుందని నా నమ్మకం. పడకపోతే నన్ను తిట్టు, మర్నాడు వాణ్ణి నువ్వే గుంటూరు తీసుకుపో. నేను అడ్డం రాను.

ఇట్లు,
తలుపు తీసిన ఇంట్లోనుంచి,
నీ అక్క
పున్నమ్మ