సగటు ఇరవై రెండు నిమిషాలు

తమ్ముడూ,

నువ్వు మా నివేదిక చదవలేదు. చదివానని కమిటీలో నలుగురి ముందూ నదురూ బెదురూ లేకుండా చెప్పావు. నూట నలభై పేజీల్లో నువ్వు చూసింది పైనున్న ఒక్క కాగితం.

సరే, తిట్లకి ముందు క్షేమం చెప్పాలిగా. అమ్మ మోకాలు నయం. నా బీపీ మాత్రం నీ పుణ్యమా అని పైపైకి పోతోంది. మరదలూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"అసలు మీ పరిశోధన కేంద్రంలో ఏం చేస్తారక్కా?" అని పోయిన ఉత్తరంలో అడిగావు. శాసనసభ్యుడు అడగాల్సిన ప్రశ్నేనా అది? రాష్ట్రం ఏ నిర్ణయం తీసుకున్నా అది ఎవరి నెత్తిన పడుతుందో తేలుస్తాం. ఈసారి బస్సులు. ఆరుగురం పదకొండు వారాలు స్టాపుల్లో గడియారం పట్టుకుని నిలబడ్డాం. తర్వాత లైబ్రరీ హాళ్లలో ప్రయాణికుల్ని కూర్చోబెట్టి, కమిటీ ముందు ఎలా మాట్లాడాలో నేర్పాం. ఆపైన మీ కారిడార్లో చెక్కబల్ల మీద కూర్చుని, మీరు టీలు తాగి వచ్చేదాకా కాపు కాశాం.

మేం తీసుకొచ్చినావిడ గుర్తుందా? కొండవతలి ఊరు, కిడ్నీల జబ్బు, వారానికి మూడుసార్లు డయాలసిస్. చెప్పాల్సింది మూడు నిమిషాల్లో చెప్పేలా తయారుచేశాం. ఒకటిన్నర నిమిషానికే మీ అధ్యక్షుడు అడ్డం పడ్డాడు.

"బస్సు కోసం సగటున ఇరవై రెండు నిమిషాలే ఆగుతున్నారటగా తల్లీ! మీ మేడం గారి సంస్థే రాసింది."

ఆవిడ నావైపు తిరిగింది. "నేను నాలుగు గంటలు నిలబడ్డం మీరే చూశారు కదమ్మా?"

నువ్వు ఫోన్ చూసుకుంటున్నావు. నేను నా కాగితాల్లోకి తల దించేశాను.

ఎందుకంటే ఆ సగటు కట్టింది నేనే. మీరు ఒక పేజీకి మించి చదవరని మా ఆఫీసులో అందరికీ తెలుసు. పైన పెట్టే సారాంశం పేజీ నిండిపోయింది. పట్నంలో ఐదు నిమిషాలకో బస్సు, కొండవతల నాలుగు గంటలకో బస్సు. రెండు పట్టికలూ ఆ పేజీలోంచి పీకేసి, అందర్నీ కలిపి ఒక్క అంకె చేశాను. "భేష్, ఒక్క ముక్కలో తేల్చారు" అన్నాడు డైరెక్టరు. పొంగిపోయాను. పేదల్ని సగటులో ముంచేస్తున్నారని ఇరవై ఏళ్లుగా సర్కారు మీద విరుచుకుపడి వ్యాసాలు రాసినదాన్ని!

ఆ అంకె పట్టుకునే గురువారం నలభై రూట్లు రద్దు చేయబోతున్నారు. ఆవిడ ఎక్కే బస్సు అందులో ఉంది. "మీ తమ్ముడి జోలికి మాత్రం వెళ్లకండి, బావుండదు" అన్నాడు డైరెక్టరు. అందుకే చాటుగా రాయడం లేదు. దీని నకలు ఆయన బల్ల మీదే పెట్టాను. ఉద్యోగం ఊడితే ఊడనీ.

నువ్వు చేయాల్సినవి:

తొంభై ఒకటో పేజీ తెరువు. ఊరూరి పట్టిక అక్కడుంది. ఈసారైనా చదువు.

గురువారం ఓటింగు వాయిదా వేయించు.

ఆవిడకి మిగిలిన ఒకటిన్నర నిమిషం ఇప్పించు. ఫోన్ జేబులో పెట్టి విను.

ఆవిడ కంటే ముందు నన్ను పిలువు. ఆ అంకె తప్పుదారి పట్టించిందనీ, రాసింది నేనేననీ ఆవిడ ఎదుటే చెప్పాలి.

ఇట్లు,
నీమీదా తనమీదా కోపం చల్లారని
మీ అక్క