తొడగని గాజులు

శుక్రవారం రాత్రి

సీమంతంలో మనవరాలు సుజాత "నువ్వూ గాజులు తొడుగు అమ్మమ్మా" అని చెయ్యి చాపితే వెనక్కి జరిగిపోయాను. నిన్న రాజమండ్రిలో నా రొమ్ముకు ఎక్స్‌రే తీశారు. ఆ కిరణాలు నా ఒంట్లో ఉండిపోయి, దాని కడుపులో బిడ్డకు తగులుతాయేమోనని భయం. ఒంట్లో ఎక్కడ తీశారో నలుగురిలో ఎలా చెప్పను? పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సాయంత్రం ఆసుపత్రికి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి నవ్వింది. "మిషన్ ఆపగానే కిరణాలూ ఆగిపోతాయండీ మామ్మగారూ, ఒంట్లో ఏమీ మిగలవు. మనవరాలిని హాయిగా ముట్టుకోండి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇందాక గాజులు కొంగులో పెట్టుకుని సుజాత గది దాకా వెళ్ళాను. గలగలమన్నాయి.

"అమ్మమ్మా, నువ్వేనా?" అంది.

ఎందుకు వెనక్కి జరిగానో చెప్పాలంటే రొమ్ము అన్న మాట నోట రాక, పలక్కుండా వచ్చేశాను...