ఎర్ర దారం కట్టిన కాయ

మార్చి 19
పొలంలో మంచు మీద బొగ్గుపొడి చల్లాను. నల్లగా ఉంటే ఎండకి తొందరగా కరుగుతుంది. ఏటా ఇది కట్సుమి పని. జనవరిలో పోయాడు కాబట్టి ఈసారి నాది. మొగుడు పోయిన ఆడది ఎలా ఉంటుందో అనుకునేదాన్ని. ఏమీ ఉండదు. ముక్కు చీదితే నల్లగా వస్తుంది, అంతే.

ఏప్రిల్ 27
చెల్లెలు సప్పొరో పట్నం నుంచి ఫోన్ చేసింది. ఇంకా ఆ చలిలో ఏం ఉందే నీకు, వచ్చెయ్ అంది. కట్సుమి గుమ్మడి విత్తనం ఒక్క పంట తీసి, అత్తయ్య చేతిలో పెట్టి వస్తానన్నాను. ఏళ్ల తరబడి ఏరి ఏరి నిలబెట్టిన రకం అది. వెండి రంగు తొక్క. మా పొట్టి వేసవిలో కూడా ముదురుతుంది. కొందామన్నా ఎక్కడా దొరకదు. డబ్బాలో మిగిలింది గుప్పెడు. అవీ పాతవే. ఈ ఏడు తీయకపోతే ఇక లేనట్టే.

గుమ్మడికాయ కోసం అత్తగారింట్లో ఉండిపోయినదాన్ని నిన్నే చూస్తున్నా అంది చెల్లెలు.

మే 8
గింజలు ట్రేలో వేసి స్టవ్ గదిలో పెట్టాను. ఇప్పుడే నేలలో వేస్తే చలికి కుళ్లిపోతాయి.

మే 19
మూడే మొలిచాయి.

జూన్ 4
పక్క పొలం ఇగరాషి గారు గట్టు మీద నిలబడి కొండ చూపించారు. అక్కడి మంచు మచ్చని ఊళ్లోవాళ్లు గుర్రం అంటారు. దాని కాళ్లు కరిగాకే గుమ్మడి నాటాలి. తొందరపడకమ్మాయ్, గుర్రం ఇంకా నిలబడే ఉంది, మళ్లీ ఓ రాత్రి మంచు పడిందంటే నీ నారు బతకదు అన్నారు. నాకెప్పుడూ అందులో గుర్రం కనబడలేదు. ఆవు కనబడుతుంది.

జూన్ 10
నాటాను. నేల వెచ్చబడడానికి నల్ల ప్లాస్టిక్ పరిచి, ఒక్కో మొక్క మీద చిన్న గుడారం వేశాను. అత్తయ్య కిటికీలోంచి చూసింది. బయటికి రాలేదు. అన్నం పెట్టాను, స్నానానికి నీళ్లు కాగాయి. జనవరి నుంచి మా మధ్య ఇవే మాటలు.

జులై 16
ఇగరాషి గారు వేసేది ఆవులు తినే పెద్ద నారింజ గుమ్మడి. తేనెటీగ ఆ పుప్పొడి మోసుకొస్తే మా కాయలో గింజ కట్సుమిది కాకుండా పోతుంది. అందుకని నిన్న సాయంత్రమే మొగ్గలు విచ్చుకోకుండా దారం కట్టాను. పొద్దున్నే విప్పి, మగపువ్వు తుంచి ఆడపువ్వులో రుద్ది, మళ్లీ కట్టేశాను. గుర్తుకి కాడకి ఎర్ర దారం. కట్సుమి ఈ పని చేస్తూ ఏదో కూనిరాగం తీసేవాడు. నాకు పాట రాలేదు. పువ్వు చల్లగా ఉంది.

జులై 27
రోజూ వాన. కట్టినవి రాలిపోయాయి. ఒక్కటి నిలిచింది. తీగ నిండా మిగతావి తేనెటీగల కాయలు. కూరకి బాగుంటాయి, విత్తనానికి పనికిరావు.

ఆగస్టు 5
కాయ ఊరింది. కాడ ఇంకా పచ్చిగానే ఉంది. అది బెండులా ఎండేదాకా కోయకూడదు.

ఆగస్టు 13
బోన్ పండగ. పోయినవాళ్లు ఇంటికొచ్చే రోజు. కట్సుమి రావడం ఇదే మొదటిసారి. బజారు నుంచి పూలు తెచ్చేసరికి అతని ఫొటో ముందు కాయ ఉంది. కాడకి ఎర్ర దారం.

ఎవరు కోశారన్నాను. నేనే, నడుం పట్టేసింది కూడా అంది అత్తయ్య. మొహంలో ఎంత సంతోషమో. నువ్వు దారం కట్టి వాడి కోసం దాచావు కదా, మొదటిసారి ఇంటికొస్తున్నవాడికి వాడి కాయ చూపించొద్దూ అంది.

కత్తి తెచ్చి అక్కడే కోశాను. గింజలు ఉత్త పొట్టు. నొక్కితే నీళ్లు వచ్చాయి.

ఇది విత్తనానికి అన్నాను. అత్తయ్య కాయ వంక చూసింది, నా వంక చూసింది. నాకో మాట చెప్పొద్దటే అంది. నిజమే, చెప్పలేదు. గట్టిగా అరవాలని ఉంది, అరుపు ఎక్కడా దొరకలేదు. ఆవిడ కూర్చుని రెండు చెక్కల్నీ దగ్గరకి చేర్చి పట్టుకుంది, అతుక్కుంటాయేమో అన్నట్టు. నేను దీపం వెలిగించాను.

ఆగస్టు 16
ఆ కాయ వండాం. పచ్చి వాసన, చప్పిడి. ఇద్దరం మొత్తం తిన్నాం.

సెప్టెంబర్ 26
రేపు మంచు పడుతుందట. మిగతా కాయలు కోశాం. అత్తయ్యా వచ్చింది. కొట్టంలో గాలి తగిలేట్టు ఆరబెట్టాం. చెల్లెలు ఫోన్ చేసి ఎప్పుడొస్తున్నావంది. కాయలు ఆరాక అన్నాను.

డిసెంబర్ 22
ఏడాదిలోకెల్లా పొట్టి పగలు. ఇవాళ గుమ్మడి తినాలి, ఇక్కడి ఆనవాయితీ. తేనెటీగల కాయే, అయినా రుచి అచ్చం కట్సుమి కాయదే. గింజలు పారేయబోతే అత్తయ్య చెయ్యి పట్టుకుంది. ఇవి కలగాపులగం అత్తయ్యా, ఏం కాస్తాయో తెలీదు అన్నాను. సగమన్నా మావాడిదే కదటే అంది. కడిగి పేపరు మీద ఆరేసింది.

చెల్లెలి ఫోన్ తీయలేదు.

మరుసటి ఏడు, ఆగస్టు 9
అత్తయ్య ఆరేసిన గింజల తొలి కాయ. వెండి తొక్క మీద నారింజ చారలు, ఒక పక్క సొట్ట. అత్తయ్య వంగి చూసి, ముక్కు మాత్రం ఇగరాషిదే అంది.

ఎవరో పెద్దగా నవ్వారు. ఎవరా అని వెనక్కి తిరిగాను. వెనక ఎవరూ లేరు. తెరిచి ఉన్న నోరు నాదే.