పెరటి తలుపు గురించి రాజలక్ష్మి రాయించినది

తిరువొత్తియూరులో ఉంటున్న, కీర్తిశేషులు యతిరాజులు భార్య రాజలక్ష్మి అనే నేను, వయసు డెబ్బై మూడు, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. మోకాళ్లు పోయాయి గానీ బుద్ధికేమీ కాలేదు.

1. ఈ ఇల్లు మా నాయన నాకిచ్చినది. మా వీధికీ వెనకున్న బడికీ మధ్యన ఉంది. బడి ముందు రోడ్డంతా మనలి ఫ్యాక్టరీల వైపు పోయే కంటైనర్ లారీలు. ఇరవై రెండేళ్ల కిందట హెడ్మాస్టరు జెబరాజ్ వచ్చి, బడికి వేరే దారి వేసేదాకా పిల్లలను మా నడవలోంచి పోనివ్వమన్నాడు. "ఒక్క వారమేనమ్మా" అన్నాడు. మొహమాటానికి సరేనన్నాను. నడవ పక్కనే మా గదులు, అన్నీ తెరిచే ఉంటాయి. ఎవరో ఒకరు కాపలా కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు నేనయ్యాను.

2. జెబరాజ్ రిటైరయ్యేదాకా ఏటా బడి కమిటీ మీటింగులో ఊరూ బడీ ఒకటేనని ఉపన్యాసం చెప్పి నాకు శాలువా కప్పారు. దారి మాత్రం వేయలేదు. ఆ పదకొండు శాలువాలూ జెబరాజ్‌కే చెందాలి. రిటైరైన మనిషి, మద్రాసు చలికి తట్టుకోవద్దూ!

3. పదహారేళ్ల కిందట ఒకే ఒక్క రోజు తాళం వేసి, వాషర్‌మెన్‌పేటలో మా చెల్లెలింట బారసాలకు పోయాను. ఆ రోజే రోడ్డు మీదుగా వెళ్లిన మూడో తరగతి పిల్ల కాలు లారీ కింద పడింది. నన్నెవరూ ఒక్క మాటనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ తర్వాత బడి ఉన్న రోజున గడప దాటలేదు. చెల్లెలు పోయిందీ బడి ఉన్న మంగళవారమే, కడసారి చూపుకూ వెళ్లలేదు. పిల్లలు నన్ను కదవు పాట్టి అంటారు, తలుపు అవ్వ అని. ఆ పిలుపంటే ఇష్టమే. అదే నన్ను కట్టేసింది కూడా.

4. నడవకూ గదులకూ మధ్య గోడ కడితే కాపలా అక్కర్లేదని కొడుకు గిరికి ఎన్నోసార్లు చెప్పాను. "ఇల్లు ఇరుకైపోతుందిమా. నీ తర్వాత వాసంతి ఉండాదే, ఆడ కూర్చుంటుంది" అన్నాడు. వాసంతి వాడి పెళ్లాం. ఆ మాట విన్నాకే ఈ కాగితానికి కూర్చున్నాను. ఇల్లు గిరిదే. కానీ ముందు నా బ్యాంకు డిపాజిట్టుతో గదులకూ నడవకూ నడుమ గోడ లేవాలి. నడవ ఎప్పటికీ బడి పిల్లల దారిగా ఉండాలి. దాని రెండు తలుపులూ పీకేయాలి. గోడ లేచేదాకా గిరికి ఇంటి కాగితాలు ఇవ్వకుండా చూసే బాధ్యత ఎదురింటి అచ్యుతరామయ్యగారిది.

5. కోడలు వాసంతికి నా నాలుగు గాజులు. నేను కాపలా కూర్చున్న పీట మాత్రం ఇవ్వను, దాన్ని పొయ్యిలో పెట్టండి. వాసంతీ, ఏదో ఒక సోమవారం పొద్దున, బడి గంట కొట్టే వేళకు, స్టేషనుకు పోయి వచ్చిన రైలెక్కు. ఎక్కడికని ఎవరికీ చెప్పనక్కర్లేదు.

2025 జూన్ 15, ఆదివారం. బడి లేదు గనుక తలుపు మూసి వచ్చి చేసిన సంతకం:

రాజలక్ష్మి

ఆమె మా ఎదుట సంతకం చేయగా చూసిన సాక్షులు:
శ్రీకుమార్, పక్కింటివారు
పొన్నమ్మ, బడిలో వంటమనిషి